సెకండ్ హ్యాండ్ పల్సర్ 150 (2019), మొదటి బండి, 62 వేలు చెప్తున్నారు. ఏమేం చూడాలి?

#1 కొత్తగేరు (కరీంనగర్)
అన్నలకు నమస్తే. మొదటి బండి సెకండ్ హ్యాండ్‌లో తీసుకుందామని. రోజుకు రానూపోనూ 34 కి.మీ., సగం హైవే. ఎల్ఎల్ఆర్ ఉంది, పక్కా లైసెన్సు ఇంకా రాలేదు.
బండి వివరాలు: పల్సర్ 150 సింగిల్ డిస్క్, 2019 మోడల్, టీఎస్ 02, రీడింగ్ 21,600. అమ్మేది బైక్ కన్సల్టెన్సీ. ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రం బిగుసుకుపోకుండా చూసేది) ఉందన్నారు, ఇన్సూరెన్స్ ఉందన్నారు. ఆర్సీ మాత్రం పాత ఓనర్ పేరు మీదే ఉంది. "సంతకాలైన ఫారాలు ఉన్నాయి, పేరు ఎప్పుడైనా మార్చుకోవచ్చు" అంటున్నారు. "షోరూం కండిషన్, రూపాయి పని లేదు" అని కూడా అన్నారు. ఎల్లుండి పొద్దున చూడ్డానికి వెళ్తున్నా. ఏమేం చూడాలో చెప్పండి.

#2 స్పానర్14 (వరంగల్)
2019 మోడల్ అంటే సరిపోదు తమ్మీ, నెల అడుగు. 125 సీసీ దాటిన బండ్లకు ఆ ఏడాది ఏప్రిల్ నుంచి ఏబీఎస్ తప్పనిసరి అయింది. ఫిబ్రవరిల తయారైన పల్సర్‌కు ఉండకపోవచ్చు, మేల తయారైన దానికి ముందు చక్రానికి ఉంటది. రెండూ 2019 మోడలే, ధర మాత్రం ఒక్కటి కాదు. ఆర్సీల తయారీ నెల వేరే, రిజిస్ట్రేషన్ తేదీ వేరే రాసి ఉంటయి. తయారీ నెల చూడు.

బండి దగ్గర అయితే ముందు చక్రం హబ్ పక్కన సందులు సందులుగ కోసిన సన్న రింగు, దాని మీదికి వంగిన సెన్సరు, దాని వైరు ఉండాలె. తాళం తిప్పంగనే మీటర్ల ఏబీఎస్ లైటు వెలగాలె, బండి కదిలి నాలుగు గజాలు పోయినంక ఆరాలె. ఆరకపోతే సెన్సరో రింగో పాడైంది. అసలు వెలగనే వెలగకపోతే ఇంకా అనుమానపడాలె, లైటు పీకేసి అమ్మేటోళ్లున్నరు.

రెండోది, ఇప్పుడే ఫోన్ చేసి "నేనొచ్చేదాకా స్టార్ట్ చెయ్యొద్దు" అని చెప్పు. పోంగనే ఇంజిన్ రెక్కల మీద చెయ్యి పెట్టు. వెచ్చగుంటే టీ తాగి, గంటన్నర ఆగి రా. వేడి ఇంజిను సగం రోగాలు దాస్తది. చల్లటి ఇంజిన్ల చూడాల్సినవి ఇవి:

కిక్కు చేత్తో మెల్లగ నొక్కు. ఒక కాడ గట్టిగ ఎదురు తన్నాలె. నీళ్లల్ల కాలు పెట్టినట్టు జర్రున దిగిపోతే కంప్రెషన్ లేదు. స్టార్ట్ అయినంక సైలెన్సర్ దగ్గర నిలబడు. మొదటి అర నిమిషం నీలం పొగ ఒక బుస్సు వచ్చి ఆగిపోతే వాల్వ్ సీళ్లు. యాక్సిలరేటర్ ఇచ్చినప్పుడల్లా నీలం పొగ వస్తే రింగులు, బోరు, అంటే హాఫ్ ఇంజిన్ పని. నల్ల పొగ అయితే పెట్రోలు ఎక్కువ పడుతున్నట్టు, కార్బరేటర్ పనితోటి పోతది. చలికాలం పొద్దున తెల్లగ ఆవిరి వస్తే భయపడకు, అది నీటి ఆవిరి.

చప్పుడు: టిక్ టిక్ అని సన్నగ, లెక్కగ వస్తే ట్యాపెట్లు, సెట్టింగ్‌తోటి అయిపోతది. గరగర అని ఎడమ దిక్కు నుంచి గొలుసు ఈడ్చినట్టు వచ్చి, వేడెక్కినా తగ్గకపోతే టైమింగ్ చైను, టెన్షనరు.

ఈ ఇంజిన్‌కు ప్లగ్గులు రెండు. ఒకటి చచ్చినా రెండో దాని మీద నడుస్తనే ఉంటది, అమ్మేటోనికి కూడా తెల్వదు, మైలేజీ, పికప్ మాత్రం పడిపోతయి. ఇంజిను బంద్ ఉన్నప్పుడు ఒక దాని క్యాప్ పీకి, ఆ క్యాప్‌ల వేరే పాత ప్లగ్గు పెట్టి దాని లోహం ఇంజిన్‌కు ఆనేటట్టు ఉంచి, అప్పుడు స్టార్ట్ చెయ్యాలె. తర్వాత రెండోది అట్లనే. క్యాప్ ఉత్తగ గాలిల వదిలిపెట్టి నడపొద్దు, సీడీఐ (ప్లగ్గులకు కరెంటు పంపే డబ్బా) దెబ్బతింటది. విప్పిన ప్లగ్గు మొన బిస్కెట్ రంగుల ఉంటే ఇంజిను బాగున్నట్టు. నల్లగ పొడి మసి ఉంటే పెట్రోలు సెట్టింగ్. నూనె తడి ఉంటే పైన చెప్పిన నీలం పొగ కథ.

#3 గోదారి_గట్టు (రాజమండ్రి)
ఇంత పరీక్ష పెట్టి కొనే కన్నా కొత్త బండి తీసుకోవచ్చు కదండీ. 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ లోపు బండ్ల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి దిగింది. లక్ష రూపాయల బండి పన్నుతో 1,28,000 అయ్యేది 1,18,000 అయింది, అంటే దాదాపు 8 శాతం తగ్గినట్టు. కొత్తది తగ్గితే పాతదీ తగ్గాలి. కన్సల్టెన్సీ వాళ్లు పాత రేటే చెప్తున్నారంటే తెలియకనా?

#4 ఫారం29 (హైదరాబాద్)
జీఎస్టీ మాట బేరంలో వాడుకో, మంచి పాయింటు. కానీ నాకు ఇంజిను కంటే "ఫారాలు ఉన్నాయి, ఎప్పుడైనా మార్చుకోవచ్చు" అన్న మాటే ప్రమాదంగా కనిపిస్తోంది. ఇంజిను చెడితే డబ్బు పెట్టి బాగు చేయిస్తారు. సంతకం పెట్టినాయన ఊళ్లో లేకపోతేనో, చనిపోతేనో ఏ మెకానిక్ దగ్గరికి వెళ్తారు?

మోటారు వాహనాల చట్టం 50వ సెక్షన్ ప్రకారం రాష్ట్రం లోపలి అమ్మకమైతే అమ్మినవాళ్లు 14 రోజుల్లో తెలియజేయాలి, కొన్నవాళ్లు 30 రోజుల్లో దరఖాస్తు చేయాలి. అమ్మినవాళ్లది ఫారం 29, రెండు కాపీలు. మార్పిడికి ఫారం 30. ఓనర్ చనిపోయి వారసుల పేరుకు మారాలంటే ఫారం 31, అది వేరే దారి, వారసత్వ ధ్రువపత్రం దగ్గర నెలలు పడుతుంది. అందుకే తేదీ వేయకుండా సంతకం మాత్రమే ఉన్న ఫారాలు చేతిలో పెడితే తీసుకోవద్దు. తేదీ, నీ పేరు, చాసిస్ నంబరు నిండాకే ఆయన సంతకం పెట్టాలి.

కన్సల్టెన్సీ గురించి ఒక మాట. 2023 ఏప్రిల్ 1 నుంచి పాత బండ్ల డీలర్లు రవాణా శాఖ దగ్గర అనుమతి పత్రం తీసుకోవాలి, అది ఫారం 29బి. ఓనర్ తన బండిని డీలర్‌కు అప్పగించినట్టు ఆన్‌లైన్‌లో తెలియజేసేది ఫారం 29సి. ఈ రెండూ ఉన్నాయా అని అడుగు. బండి ఎప్పుడు, ఎవరి నుంచి వాళ్ల చేతికొచ్చిందో దాంతో తేలిపోతుంది. చాలా చోట్ల నవ్వి ఊరుకుంటారు, ఆ నవ్వు కూడా ఒక జవాబే.

పేరు మారకపోతే ఎవరికి నష్టం? బండి చేతులు మారినా ఆర్సీలో పేరున్న వ్యక్తే యాక్సిడెంట్ పరిహారానికి బాధ్యుడని 2018లో సుప్రీంకోర్టు తేల్చింది. కాబట్టి ఈ సంగతి తెలిసిన ఓనర్ ఎవరైనా పేరు మార్పిడికి తొందరపడతారు. ఆ ఓనర్‌తో నేరుగా ఫోన్లో మాట్లాడాలని పట్టుబట్టు. నంబరు ఇవ్వం అంటే వచ్చేయ్.

వెళ్లే ముందే బండి నంబరు అడిగి ఇంట్లో కూర్చుని చూడగలిగినవి: రవాణా శాఖ సైట్లో గానీ ఎంపరివాహన్‌లో గానీ ఓనర్ వరుస (ఎన్నో ఓనర్), ఆర్సీ గడువు, ఫైనాన్స్ పేరు, ఇన్సూరెన్స్ తేదీ. ఈ-చలాన్ సైట్లో బాకీలు. అప్పు తీరిపోయినా ఆర్సీలో హెచ్‌పీ (బండి మీద బ్యాంకు అప్పు ఉందన్న గుర్తు) అలాగే ఉండిపోవడం మామూలే. తీయించాలంటే బ్యాంకు ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం), బ్యాంకు సంతకంతో ఫారం 35 రెండు కాపీలు కావాలి. ఎన్‌ఓసీ మీద గడువు తేదీ ఉంటే అది దాటిందేమో చూడు, దాటితే ఓనరే మళ్లీ బ్యాంకు చుట్టూ తిరగాలి.

#5 స్పానర్14 (వరంగల్)
ఫారం29 అన్న చెప్పింది కరెక్టే, కాయితం లేని బండి ఎంత మంచిదైనా ఇనుప సామానే.

రీడింగ్ 21,600 అంటున్నవు. ఆరేండ్ల పల్సర్‌కు అది చాలా తక్కువ. డిజిటల్ మీటరే కదా, మార్చరాదు అనుకోకు. మీటరు మొత్తం మార్చినా, ఉన్నదాన్ని వెనక్కి తిప్పినా ఆ పని పావుగంటల అయితది. మీటరు అబద్ధమాడినా బండి ఆడదు. టైరు పక్క గోడ మీద డాట్ అని ఉండి, చివరికి నాలుగు అంకెలు ఉంటయి. 2319 అంటే 2019ల 23వ వారం. వెనుక టైరు మామూలుగ 20 నుంచి 25 వేలు వస్తది. ఫుట్ రెస్ట్ రబ్బరు, గేరు లివర్ రబ్బరు, బ్రేక్ పెడల్ అంచు చూడు. 20 వేలకు పెడల్ మీది గీతలు అరిగి నున్నగ కావు. ముందు డిస్కు ప్లేటు అంచు గోటితో తడుము, ప్యాడ్లు తాకే భాగానికీ అంచుకూ నడుమ మెట్టు తగిలితే బాగా తిరిగిన బండి. కనీస మందం ఎంత ఉండాలో డిస్కు మీదనే చెక్కి ఉంటది.

చైను: వెనుక స్ప్రాకెట్‌కు సరిగ్గ వెనుక భాగంల చైను పట్టుకొని వెనక్కి గుంజు. పన్ను సగానికి మించి బయటికి కనిపిస్తే చైన్ కిట్టు మార్చాలె. పండ్లు కొడవలి లెక్క ఒక దిక్కు వంగినా అంతే. ఒక్క చైను మారుస్తాం అంటే ఒప్పుకోకు, పాత పండ్లు కొత్త చైన్‌ను రెండు నెలల్ల తింటయి.

కోన్ సెట్ (హ్యాండిల్ తిరిగే బేరింగులు): సెంటర్ స్టాండ్ వేసి, వెనుక ఒకళ్లు బరువు వేస్తే ముందు చక్రం లేస్తది. హ్యాండిల్ ఒక్క వేలితో మెల్లగ తిప్పు. నడిమిట్ల, సరిగ్గ నేరుగ ఉన్న కాడ, గుంతల పడ్డట్టు ఆగితే కోన్ సెట్ పోయింది. అట్లనే ఫోర్కు కింద రెండు చేతులతోటి పట్టుకొని ముందుకూ వెనక్కీ ఊపు, టక్ టక్ అంటే వదులు. వెనుక చక్రం పక్కలకు ఊపితే చిమ్టా (వెనుక చక్రాన్ని పట్టుకునే ఇనుప చెయ్యి) బుష్షులు, చక్రం బేరింగ్ తెలుస్తయి.

పడ్డ బండో కాదో: హ్యాండిల్ పూర్తిగ తిప్పితే ఫ్రేము మెడ దగ్గర ఆపే చిన్న ఇనుప మొట్టు ఉంటది, రెండు దిక్కులా. అది నలిగినా, దాని చుట్టూ పెయింటు వేరే రంగుల ఉన్నా గట్టి దెబ్బ తగిలింది. ట్యాంకు మీద హ్యాండిల్ తగిలిన సొట్ట ఉంటే ఇంకో సాక్ష్యం. మెడ దగ్గర వెల్డింగ్ కనిపిస్తే, ధర ఎంత తగ్గించినా, నమస్తే పెట్టి రా.

లైసెన్సు రాలేదు అన్నవు కదా. నడిపి చూసే పని నువ్వు చెయ్యకు, నమ్మకమైన మెకానిక్‌కు 500 ఇచ్చి తీస్కపో. కన్సల్టెన్సీ వాళ్లు చెప్పిన మెకానిక్‌ను మాత్రం కాదు. ఆయనకు చెప్పాల్సింది ఒక్కటే: నాలుగో గేరుల 40 మీద పోతూ ఒక్కసారి యాక్సిలరేటర్ గట్టిగ తిప్పమను. ఇంజిను అరిచి బండి ఉరకకపోతే క్లచ్ ప్లేట్లు అయిపోయినయి.

#6 మల్టీమీటర్ (విశాఖ)
కరెంటు సంగతి ఎవరూ చెప్పలేదు. 300 రూపాయల మల్టీమీటర్ చాలు, డీసీ 20 వోల్టుల దగ్గర పెట్టాలి. రాత్రంతా నిలబెట్టిన బండి బ్యాటరీ 12.5 పైన ఉంటే బాగున్నట్టు, 12.2 కంటే తక్కువైతే అనుమానం. ఇంజిను నడుస్తూ 4,000 ఆర్‌పీఎం దగ్గర 13.5 నుంచి 14.5 మధ్య చూపించాలి. 13 కూడా రాకపోతే చార్జింగ్ కాయిల్ గానీ ఆర్‌ఆర్ యూనిట్ (చార్జింగ్ వోల్టేజీని అదుపు చేసేది) గానీ పోయినట్టు. 15 దాటితే ఆర్‌ఆర్ యూనిటే, అది బ్యాటరీని ఉడకబెట్టేస్తది. కొత్త బ్యాటరీ వేసి అమ్మితే సెల్ఫ్ చక్కగా కొడుతుంది, వారం తర్వాత కొట్టదు. అందుకే రెండో కొలతే ముఖ్యం.

ఇంకోటండి. 2017 ఏప్రిల్ నుంచి వచ్చిన బండ్లకు హెడ్‌లైటు ఆర్పే స్విచ్ ఉండదు, ఇంజిను నడిచినంతసేపూ వెలుగుతుంది. ఈ బండికి అలాంటి స్విచ్ కనిపిస్తే ఎవరో వైరింగ్ కోశారన్నమాట. ట్యాంకు కింద నల్ల టేపు చుట్టిన అతుకులు ఎన్నున్నాయో లెక్కపెట్టు.

#7 బెజవాడ_బండి (విజయవాడ)
నీళ్లలో మునిగిన బండేమో కూడా చూడమ్మా. 2024 సెప్టెంబరులో బుడమేరు వచ్చినప్పుడు ఇక్కడ సింగ్ నగర్ వైపు బండ్లు సీట్ల పైదాకా మునిగాయి. అలాంటివి కడిగి, పాలిష్ పట్టి దూరం జిల్లాల్లో అమ్మడం తేలిక. టీఎస్ బండి కాబట్టి బుడమేరుది కాకపోవచ్చు, కానీ 2020 అక్టోబరులో హైదరాబాద్‌లోనూ అంతే మునిగాయి కదా.

సీటు విప్పి బ్యాటరీ పెట్టె మూలల్లో సన్నని ఒండ్రు మట్టి ఉందేమో చూడు, నీళ్లు కొట్టినా ఆ మూలల్లో పోదు. హెడ్‌లైటు లోపల, మీటరు అద్దం లోపల నీటి గీత ఉంటుంది, ఆరిన టీ కప్పు అడుగున మరకలాగా. ఒకటి రెండు కప్లర్లు (వైర్లు కలిపే ప్లాస్టిక్ జోడింపులు) లాగి చూడు, రాగి పిన్నులకు పచ్చటి చిలుము పట్టి ఉంటే నిల్వ నీళ్లు తాగినట్టే. ట్యాంకు మూత తీసి టార్చి వేసి అడుగు చూడు, తుప్పు పొరలు కనిపిస్తాయి. ఇంజినాయిల్ మూత విప్పినప్పుడు లోపల పాల మీగడలాంటి నురగ ఉంటే నీళ్లు కలిశాయి. ఎయిర్ ఫిల్టర్ గూడు అడుగున ఇసుక ఉంటే ఇంకేం అడగక్కర్లేదు.

#8 సీమ_చైను (బెంగళూరు)
మధ్యలో అడుగుతున్నందుకు ఏమనుకోవద్దన్నా. ఇక్కడ కేఏ రిజిస్ట్రేషన్ బండి తక్కువకు వస్తాంది, అనంతపురం తీసకపోవాల. లాభమా?

#9 ఫారం29 (హైదరాబాద్)
లెక్క వేస్తే గానీ చెప్పలేం. ముందు కర్ణాటక ఆర్‌టీవో నుంచి ఫారం 28 మీద ఎన్‌ఓసీ. చలాన్లు బాకీ ఉన్నా, హెచ్‌పీ ఉండి బ్యాంకు ఒప్పుకోకపోయినా అది రాదు. తర్వాత ఏపీలో బండి వయసును బట్టి లైఫ్ ట్యాక్స్ మళ్లీ కట్టాలి, కొత్త నంబరు తీసుకోవాలి, కొత్త నంబరు ప్లేటు, ఇన్సూరెన్స్‌లో మార్పు. కర్ణాటకలో కట్టిన పన్నులో మిగిలింది వాపసు అడగొచ్చు, కానీ అది ఓనర్ పేరు మీద జరిగే పని. వేరే రాష్ట్రంలో 12 నెలలకు మించి ఉంచితే నంబరు మార్చుకోక తప్పదు. ధరలో తేడా పది వేల లోపు అయితే అనంతపురంలోనే చూసుకో.

#10 సీమ_చైను (బెంగళూరు)
తేడా ఏడువేలే. వదిలేస్తా.

#11 కొత్తగేరు (కరీంనగర్)
బండి దగ్గర నుంచే రాస్తున్నా, మెకానిక్ అన్న పక్కనే ఉన్నాడు. చూసినవన్నీ రాసుకున్నా:
ఆర్సీలో తయారీ 03/2019. ఏబీఎస్ రింగు లేదు, లైటూ లేదు.
చల్లటి ఇంజిను, రెండో కిక్కుకు స్టార్ట్. నీలం పొగ కొంచెం వచ్చి ఇరవై సెకన్లలో ఆగింది. రెండు ప్లగ్గులూ పని చేస్తున్నాయి, ఒకటి బిస్కెట్ రంగు, ఒకటి కొంచెం నల్లగా.
వెనుక టైరు 3422, అరుగుదల గుర్తు దాకా అరిగింది. ముందు టైరు 0819, పక్కల పగుళ్లు.
చైను లాగితే పన్ను ముప్పావు కనిపిస్తోంది. డిస్కుకు మెట్టు ఉంది. ఫుట్ రెస్ట్ రబ్బరు నున్నగా ఉంది.
హ్యాండిల్ మధ్యలో ఆగుతోంది. ఎడమ ఫోర్కు మీద నూనె, దుమ్ము పట్టి ఉంది. మెడ దగ్గర మొట్లు బాగానే ఉన్నాయి, వెల్డింగ్ లేదు. నీటి మరకలు లేవు.
బ్యాటరీ 12.4, నడుస్తుంటే 13.9. క్లచ్ జారడం లేదన్నాడు.
ఆన్‌లైన్లో: థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ (మన బండి వల్ల ఎదుటివాళ్లకు జరిగే నష్టానికి) 2024 మార్చిలో అయిపోయింది. చలాన్లు మూడు. హెచ్‌పీ ఇంకా ఉంది, "లోన్ ఎప్పుడో క్లియర్" అంటున్నారు.
ఇప్పుడు 56కి దిగారు.

#12 స్పానర్14 (వరంగల్)
మంచిగ చూసినవ్. మీటరు సంగతి టైర్లే చెప్పేసినయి. ముందుది కంపెనీ నుంచి వచ్చిందే, బండితోపాటే పుట్టింది. వెనుకది 2022ల మారింది, అంటే మొదటి వెనుక టైరు పూర్తిగ అయిపోయింది, రెండోది కూడా అరిగింది. రెండు వెనుక టైర్లు తిన్న బండి 21 వేలు ఎట్లయితది? 40 పైననే. డిస్కు మెట్టు, రబ్బరు కూడా అదే మాట అంటున్నయి. మీటరు మార్చింది వీళ్లో ముందటోళ్లో మనకు తెల్వదు, తెల్సుకోవాల్సిన పని కూడా లేదు. 40 వేల బండిగ లెక్కకట్టి ధర అడుగు.

ఇంజిను నాకు నచ్చింది. పొగ ఇరవై సెకన్లల్ల ఆగిందంటే రింగులు కాదు, వాల్వ్ సీళ్లు. వెంటనే విప్పాల్సిన పని లేదు, 500 కి.మీ.కొకసారి ఆయిల్ చూసుకుంటూ నడుపు. ఒక ప్లగ్గు నల్లగ ఉండుడు పెద్ద సంగతి కాదు, రెండూ మార్చెయ్.

కొన్నంక పడే ఖర్చు, మా దిక్కు రేట్లల్ల: వెనుక టైరు 2,300, ముందుది 1,700. చైన్ కిట్టు 1,600. కోన్ సెట్ కూలితోటి 900. ఫోర్కు సీళ్లు రెండు దిక్కులా, ఆయిల్, కూలి కలిపి 900. సీలు ఒక దిక్కే మార్చకు, రెండు ఫోర్కుల్ల ఆయిల్ ఒక్క మట్టంల ఉండాలె. ఇంజినాయిల్, ఫిల్టర్లు, ప్లగ్గులతోటి జనరల్ సర్వీస్ 1,000. మొత్తం 8,400. వాల్వ్ సీళ్లు తర్వాత చేయిస్తే ఇంకో మూడు వేలు.
ఏబీఎస్ లేదు, మీటరు అబద్ధం, పని 8,400. నేనైతే 40 దగ్గర మొదలుపెట్టి 44 దాటను.

#13 గోదారి_గట్టు (రాజమండ్రి)
బీఎస్4 (పాత కాలుష్య ప్రమాణం) కార్బరేటర్ బండి, పైగా ఇప్పుడు బంకుల్లో ఇ20 (20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు). ట్యాంకు, రబ్బర్లు కరిగిపోవా?

#14 స్పానర్14 (వరంగల్)
కరగవు, కొన్ని రబ్బర్లు ఉబ్బుతయి, కొన్ని పగులుతయి, అదీ అన్నిటికీ కాదు. పెట్రోల్ పైపు మార్చడానికి వంద రూపాయలు. ఇథనాల్ తేమ గుంజుతది కాబట్టి అసలు సమస్య నిలబెట్టిన బండికే. రెండు వారాలకు మించి ఊరెళ్తే కార్బరేటర్ గిన్నె కింద ఉన్న స్క్రూ తిప్పి పెట్రోలు దించెయ్. రోజూ 34 కి.మీ. తిరిగే బండికి ఏం కాదు.

#15 గోదారి_గట్టు (రాజమండ్రి)
మైలేజీ తగ్గుతుంది కదా అది కూడా చెప్పండి మరి.

#16 స్పానర్14 (వరంగల్)
తగ్గుతది. కొత్త బండికి కూడా తగ్గుతది సారూ.

#17 ఫారం29 (హైదరాబాద్)
ఇన్సూరెన్స్ ఉంది అన్నది ఎలా వచ్చిందో చెప్తాను. 2018 సెప్టెంబరు 1 నుంచి కొత్త టూ వీలర్‌కు థర్డ్ పార్టీ అయిదేళ్లకు ఒకేసారి కట్టించుకున్నారు. 2019 మార్చి బండికి అది 2024 మార్చితో సరి. చాలామంది ఆ అయిదేళ్ల అలవాటుతో రెన్యువల్ మర్చిపోయారు. ఇప్పుడు కొనగానే నీ పేరు మీద కొత్త పాలసీ. 75 నుంచి 150 సీసీ వర్గానికి 2022 జూన్ రేటు ప్రకారం థర్డ్ పార్టీ ఏడాదికి 714, జీఎస్టీతో 843. పల్సర్ 149.5 సీసీ కాబట్టి ఇందులోకి వస్తుంది, అదే 160 సీసీ బండి అయితే 1,366 వర్గం. దీని మీద ఓనర్ పర్సనల్ యాక్సిడెంట్ కవర్ 15 లక్షలది తప్పనిసరి. ఇన్సూరెన్స్ నడుస్తున్న బండి కొనేవాళ్లు మాత్రం 14 రోజుల్లో కంపెనీకి చెప్పి పేరు మార్పించుకోవాలి. థర్డ్ పార్టీ దానంతటదే వస్తుంది గానీ, సొంత బండి దెబ్బతింటే వచ్చే డబ్బు పేరు మారకపోతే రాదు. పాత ఓనర్ నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో వచ్చే తగ్గింపు) ఆయనతోనే పోతుంది, బండితో రాదు.

డబ్బు ఇచ్చే వరుస జాగ్రత్త. ముందు రెండు వేలు టోకెన్, రసీదుతో. దాని మీద "హెచ్‌పీ తొలగింపు, చలాన్లు అమ్మేవారి బాధ్యత, కాకపోతే టోకెన్ వాపసు" అని రాయించు. బ్యాంకు ఎన్‌ఓసీ, ఫారం 35 కళ్లతో చూశాక, ఓనర్ వచ్చి 29, 30 మీద నీ ముందు సంతకం చేశాక మిగతాది. నగదు వద్దు, బ్యాంకు నుంచే పంపు. బండి తీసుకునే నిమిషంలో డెలివరీ కాయితం, తేదీతోపాటు గంట కూడా వేయించు, రెండు ప్రతులు. పొద్దున పడ్డ చలాన్ ఎవరిదో ఆ గంటే చెప్తుంది. మీటరు ఫోటో అప్పుడే తీసుకో.

పేరు మార్పిడికి కేంద్ర నిబంధనల్లో మోటార్‌సైకిల్ ఫీజు 150, కార్డుకు 200, మీద రాష్ట్రం సర్వీసు చార్జీ, పోస్టు. స్లాట్ నువ్వే బుక్ చేసుకోవచ్చు. ఏజెంటు రెండు మూడు వేలు అడిగితే దేనికో రాసిమ్మను.

#18 బెజవాడ_బండి (విజయవాడ)
ఇంకోటి. 56 నుంచి 44కి రాకపోతే బాధపడొద్దు, పల్సర్లు గల్లీకి పది ఉంటాయి. మొదటి బండి కాబట్టి 112 కిలోల స్ప్లెండర్ కూడా ఒకసారి చూడమ్మా, పల్సర్ దాదాపు 145. సగం హైవే అన్నావు కాబట్టి పల్సర్ తప్పేం కాదు, ట్రాఫిక్‌లో తోసుకుంటూ వెనక్కి తీసేటప్పుడు ఆ ముప్పై కిలోలు తెలుస్తాయంతే.

#19 కొత్తగేరు (కరీంనగర్)
టైర్ల అంకెలు చూపించి చెప్తే మీటరు గురించి మాట మార్చారు. 45,500 దగ్గర ఆగింది, చలాన్లు వాళ్లే కడతారు. హెచ్‌పీ తీయించాకే మిగతా డబ్బు, టోకెన్ 2,000 పంపా, రసీదు మీద అన్నీ రాయించా. ఓనర్‌తో ఫోన్లో మాట్లాడా, బ్యాంకు నుంచి ఎన్‌ఓసీ తెచ్చుకుని సోమవారం వస్తానన్నాడు. చాసిస్ నంబరు పెన్సిల్ ప్రింట్ కావాలన్నారు, అదెలా తీయాలి?

#20 స్పానర్14 (వరంగల్)
హ్యాండిల్ పూర్తిగ ఎడమకు తిప్పితే ఫ్రేము మెడ మీద చెక్కి ఉంటది. మట్టి, గ్రీజు పెట్రోలు గుడ్డతోటి తుడువు. సన్న తెల్ల కాయితం గానీ పారదర్శకం కాని తెల్ల స్టిక్కర్ గానీ గట్టిగ ఆనించి, మెత్తటి పెన్సిల్ మొన కాదు, పక్క భాగంతోటి మెల్లగ రుద్దు, అంకెలు తేలుతయి. నాలుగు కాపీలు తీయ్, ఒకటి పోతది. తీసినంక ఆర్సీల ఉన్న 17 అక్షరాలూ ఒక్కొక్కటి వేలు పెట్టి పోల్చు. అందుల ఐ, ఓ, క్యూ అక్షరాలు ఉండవు, ఉన్నట్టు కనిపిస్తే అవి 1, 0. అంకెల చుట్టూ గీకిన గుర్తులు ఉన్నా, ఒక అంకె లోతు వేరే ఉన్నా సోమవారం ఓనర్‌కు రావొద్దని చెప్పు.

#21 కొత్తగేరు (కరీంనగర్)
పదిహేడూ సరిపోయాయి, లోతు కూడా ఒకటే. ఫారం 29 రెండు కాపీలు అంటే రెండింటి మీదా ఒరిజినల్ సంతకమేనా, ఒకటి జిరాక్స్ సరిపోతుందా?

#22 ఫారం29 (హైదరాబాద్)
రెండింటి మీదా ఒరిజినలే. లోన్ కాయితాల మీద ఎలా పెట్టాడో అలాగే పెట్టమను, ఆధార్ కాపీ మీద కూడా ఒకటి.